కొలిచి పోసిన నీళ్ళు

మా ఆఫీసులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకునే వేళకు ఈమధ్య మిద్దెతోటల మాటలు ఎక్కువయ్యాయి. ఒకరు పుదీన అంటారు, ఒకరు పాలకూర అంటారు. ఫోన్లో ఎవరో ఒక గోతాన్ని బోర్లించి బుట్టెడు ఉర్లగడ్డలు, అదే బంగాళదుంపలు, రాల్చుతుంటే నోరు తెరుచుకుని చూస్తారు. చూసి నావైపు తిరుగుతారు. "మీరు పెట్టినారు కదా మేడమ్, సంచిలో మేలా, నేలలో మేలా?" అంటారు. నేను తల ఎత్తకుండా "నేలలోనే" అంటాను. అంతకంటే మాట్లాడను. మేడమ్‌కు పొగరు అనుకుంటారు. పొగరు నాకు లేదని ఎవరూ అనరుగానీ, దీనికి కారణం మాత్రం అది కాదు.

నిజం చెప్పాలంటే సంచిని తిట్టడానికి ఏమీ లేదు. దున్నే పని ఉండదు, కలుపు ఉండదు, అడవిపందులు మిద్దె ఎక్కి రావు. మన్ను మంచిదైతే, ఎండ తగిలితే, సంచిలోనూ ఉర్లగడ్డ ఊరుతుంది. ఒక్కటే చిక్కు. సంచిలోని చెట్టుకు రోజూ ఎవరో ఒకరు నీళ్ళు పోయాలి. ఒక్కపూట మరిచిపోతే ఆకు వాలిపోతుంది. ఆ చిక్కు ఏమిటో మా అక్క మా మిద్దె మీదికి వచ్చేదాకా నాకు తెలియదు.

మా అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయేనాటికి నేను పలక పట్టుకుని తిరుగుతున్నాను, ఆమెకు అప్పటికే పెళ్ళయింది. నన్ను చంకనేసుకుని పుంగనూరు దగ్గర తన ఊరికి తీసుకుపోయింది. బావ కూడా ఎక్కువకాలం ఉండలేదు. ఆమెకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇక మిగిలింది మేమిద్దరం, పాలిచ్చే ఆవు, బోరు కింద ఎర్రమన్ను చేను. ఆ చేలో ఆమె ఉర్లగడ్డ పెట్టేది. నన్ను చదివించింది ఆ చేనే.

గడ్డ ఊరిందో లేదో చూడాలంటే కొందరు చెట్టును పెరికేస్తారు. మా వైపు ఆడవాళ్ళు పెరకరు, తడుముతారు. సాలు పక్కన గొంతుక్కూర్చుని, మన్ను ఎగదోసిన గట్టులోకి పక్కనుంచి చెయ్యి దూర్చి, వేళ్ళతోనే వెతికి, ఒకటో రెండో గడ్డలు తెంపుకుని, మళ్ళీ మన్ను కప్పి అరచేత్తో అదిమేస్తారు. చెయ్యి వచ్చిపోయిన సంగతి చెట్టుకు తెలియకూడదు. తెచ్చిన గడ్డను బొటనవేలితో రుద్దుతారు. తోలు లేచివస్తే ఇంకా పచ్చిది, లేవకపోతే తవ్వకానికి వచ్చినట్టు. మా అక్క అన్నం తినేది కుడిచేత్తోనే, తడిమేది మాత్రం ఎడమచేత్తో. "ఎడమసెయ్యి యాలక్కా?" అని చిన్నప్పుడు అడిగితే, "ఈ సెయ్యికే తెలుస్తాది మే" అనేది. ఊళ్ళో వేరేవాళ్ళు కూడా తవ్వకానికి ముందు ఆమెను పిలుచుకుపోయి తమ చేలో ఒకసారి చెయ్యి పెట్టించుకునేవాళ్ళు. ఆమె వెనకే నేను, గంప పట్టుకుని, ఏదో పెద్ద హోదా ఉన్నదానిలాగా నడిచేదాన్ని.

నాకు మొదటి ఉద్యోగం కుప్పంలో వచ్చింది. ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటామె పాత నూనెడబ్బాలో ఉర్లగడ్డ చెట్టు పెంచేది. మా అక్క నన్ను చూడటానికి ఒక సంచి నిండా గడ్డలు మోసుకుని బస్సులో వచ్చి, ఆ డబ్బా ముందు నిలబడిపోయింది. వంగి డబ్బా అంచున వేళ్ళతో కొట్టి చూసింది. ఇంటామె తమిళం కలిపిన తెలుగులో "నీళ్ళు పోస్తే సాలు అక్కా, బాగా వస్తాది" అని సంబరంగా చెప్పింది. అక్క సరేనని తల ఊపింది. బస్టాండుకు పోయేదారిలో మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. "సెట్టు ఏరు యాడికి పోవాల మే? అడుగునా రేకే, పక్కనా రేకే" అంది. బస్సు ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి మళ్ళీ అదే మాట ఎత్తింది. "ఆయమ్మ ఊరికి పోయిననాడు దాని గతేంది?"

కొన్నేళ్ళకు నాకు మదనపల్లెకు బదిలీ అయింది. పెళ్ళయింది. మా ఆయనకు సరుకుల ఆటో ఉంది, పల్లెల నుంచి టమోటా మార్కెట్టుకు తోలుతాడు. ఆ రాకపోకల్లో అక్కను చూసి వచ్చేవాడు. ఒకసారి వచ్చి, "మీ అక్క కాళ్ళు వాచిండాయి, సెప్పులు పట్టడంలేదు" అన్నాడు. తడిలో నిలబడి నిలబడి వాచాయని ఆమె అనుకుంది. మొహం కూడా ఉబ్బాక కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాము, ఆ ఊరు నాకు తెలిసినది కాబట్టి. రెండు కిడ్నీలూ చెడిపోయాయి అన్నారు. ఇక బతికినన్నాళ్ళూ మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాల్సిందే అన్నారు. డయాలసిస్ అనే మాట ఆమెకు నోరు తిరగలేదు. చివరిదాకా "మిషను" అనే అనింది.

మిషన్ సూదులకు వీలుగా చేతిలో నరాలు కలిపి కుట్టాలి. అన్నం తినే చెయ్యి వదిలేసి రెండో చెయ్యి తీసుకుంటారట. ఎడమచెయ్యి తీసుకున్నారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దెబ్బ తగలకూడదు, మట్టి అంటకూడదు అని చెప్పారు. వాళ్ళు చేసింది సరైనదే. ఏ చేత్తో గడ్డ తడుముతావమ్మా అని ఏ డాక్టరు అడుగుతాడు? కుట్లు మానిన తర్వాత మణికట్టు మీద వేలు పెడితే లోపల జుమ్మని కదిలేది. అక్క ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, పరాయివాళ్ళ పిల్లను చూసినట్టు చూసేది.

మదనపల్లె ఆసుపత్రిలోనూ మిషన్ ఉంది, వారానికి మూడుసార్లు పోవాలి కాబట్టి ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాము. చేనును పక్క చేను పెద్దాయనకు కోరుకు ఇచ్చాము, పంటలో సగం ఆయనకు, సగం మాకు. తినకూడనివి చెప్పినప్పుడు అక్క మొదటిసారి నవ్వింది. అరటిపండు వద్దు, టెంకాయ నీళ్ళు వద్దు, ఉర్లగడ్డ వద్దు. "జన్మంతా పండించినోళ్ళకు మంచి కూలి ఇచ్చినారు" అంది. తిండి సంగతి అట్లా నవ్వుతూ దాటేసింది. నీళ్ళ సంగతి దాటలేకపోయింది. ఒంట్లో నీళ్ళు బయటికి పోయే దారి లేదు కాబట్టి, లోపలికి పోయేది కొలిచి ఇవ్వాలి. రోజుకు ఒక సీసా. మాత్రలు మింగడానికీ, కాఫీకీ, మజ్జిగకూ అన్నిటికీ అదే సీసా. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరి ఊపిరాడక పోతుందని నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆ సీసా నింపి ఆమె మంచం పక్కన పెట్టే పని నాది. చేనుకు రోజంతా నీళ్ళు పారగట్టిన మనిషికి నేను సీసా కొలిచి పెట్టాను.

ఆమె ఏదీ అడిగే మనిషి కాదు. వానలు వెనకబట్టాక ఒకరోజు మిషన్ నుంచి వచ్చి మంచం మీద ఒరిగి, "పాపా, మన సేలో మన్ను తెప్పిస్తావా?" అంది. ఎందుకని అడిగితే, "ఊరికే కూసోనుండ్లేకపోతాండా. మిద్దిమీద రెండు సంచులు పెట్టుకుంటా" అంది. కుప్పం డబ్బా నాకు గుర్తుకొచ్చింది, ఆమెకూ వచ్చే ఉంటుంది. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. మా ఆయన మార్కెట్టులో టమోటా దించి, తిరుగుదారిలో చేను దగ్గర ఆగి, గోతాల్లో ఎర్రమన్ను నింపుకొచ్చాడు. పెద్దాయన ఆయనతోనే మొలకలెత్తిన విత్తనపు గడ్డలు కూడా పంపాడు.

అక్క చెప్పింది, నేను చేశాను. ఒక్కో ముక్కకు ఒక కన్నయినా ఉండేటట్టు గడ్డలు కోశాను. కోసిన పక్క బూడిద అద్దాను. గోతాలు సగానికి మడిచి, మన్ను, పశువుల ఎరువు కలిపి నింపి, ముక్కలు పెట్టాను. చెట్టు పెరిగేకొద్దీ మడత విప్పుతూ మన్ను పోయాలి, చేలో సాళ్ళకు మన్ను ఎగదోసేదానికి బదులు ఇది. ఆమె ఎడమచెయ్యి తువ్వాలులో చుట్టుకుని పిట్టగోడకు ఆనుకుని కూర్చుని, నేను తప్పు చేసినప్పుడల్లా "కాదు మే, అట్ల కాదు" అనింది. చాలాకాలానికి ఆమె గొంతులో ఆ పాత అధికారం విన్నాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మొలకలు వచ్చాయి. రోజూ పొద్దున ఆమె ఒక్కో మెట్టు దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంటూ పైకి పోయేది. మిద్దె మీద కొళాయి ఉంది. నేను వంటింట్లో ఉండగా పైన బకెట్టు నిండే చప్పుడు వినిపించేది. ఆమె దిగివచ్చేసరికి మొహం తేటపడి ఉండేది. చెట్లు మనిషికి ఎంత మేలు చేస్తాయో చూడండి అని నేను మా ఆఫీసులో అందరికీ చెప్పాను.

చలి తగ్గేసరికి చెట్లు వాడటం మొదలైంది. ఆకులు సాయంత్రానికి ముడుచుకుపోయేవి. మన్నులో వేలు గుచ్చితే లోపలా పొడిగానే ఉండేది. రోజూ నీళ్ళు పోస్తుంటే ఇది ఎట్లా ఎండుతుందని నాకు కోపం వచ్చింది. గోతం కంతల్లోంచి కారిపోతోందనుకున్నాను. కొబ్బరి పొట్టు కొనుక్కొచ్చి పరిచాను. ఎండుటాకులు కప్పాను. వీడియోలు చూసి అందులో మాట్లాడేవాళ్ళను తిట్టాను. అక్క మాత్రం "ఎండ అట్లుండాది మే" అని ఊరుకునేది. అదే రోజుల్లో ఆసుపత్రిలో బరువు చూసే నర్సమ్మ నన్ను నిలదీసింది. "నీళ్ళు ఎక్కువిస్తాండారమ్మా మీరు. ఒంట్లో ఎంత చేరిందో సూడండి" అంది. నేను ఆమెతో తగువు పెట్టుకున్నాను. సీసా నింపేది నేను, నాకు తెలియదా అని పదిమందీ తిరిగి చూసేటట్టు అరిచాను.

ఒక సెలవురోజు పొద్దున, ఉతికిన బట్టలు ఆరేయడానికి అక్క వెనకే మిద్దె ఎక్కాను. ఆమె నీళ్ళట్యాంకు నీడలో, సంచుల మధ్య కూర్చుని ఉంది. ముందర బకెట్టు. రెండు కళ్ళూ మూసుకుని, చెంబు ఎత్తి గటగటా తాగుతోంది. గొంతు మీద నీళ్ళు కారి రైక తడిసిపోయింది. చెంబు దించి పెద్దగా ఊపిరి వదిలింది. మళ్ళీ ముంచింది. ఈసారి సగం చెట్టు మొదట్లో పోసి, మిగిలిన సగం తాగింది. అప్పుడు కళ్ళు తెరిచి నన్ను చూసింది. చెంబు దాచుకోలేదు.

"దీనికి తక్కువ సేసినా పాపా" అంది, ఆకులు వాలిన సంచి వైపు చూస్తూ. "దీని నీళ్ళు నేను తాగితిని."

నేను బట్టలు కిందపడేసి చెంబు లాక్కున్నాను. పక్కింటివాళ్ళకు వినిపించేటట్టు అరిచాను. "సస్తావు నువ్వు, తెలుసునా?" అన్నాను. నా కంటే ఎంతో పెద్దది, నాకు అన్నం కలిపి పెట్టినది, ఆమెను నువ్వు సస్తావు అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

"తెలుసు మే" అంది. "సంచిలో పెట్టినాక ఎవురో ఒకరు కొలిసి పోస్తే తాగాల. నేలలో ఉంటే దానికి కావాల్సినంత అదే ఎతుక్కోని తాగుతాది."

నేను అక్కడే, ఆ తడి సిమెంటు మీద కూలబడి ఏడ్చాను. ఆమె కుడిచేత్తో నా తల నిమిరింది. తర్వాత లేచి మిద్దె తలుపుకు తాళం వేశాను. ఆ రోజు ఆమె మీద నాకు వచ్చినంత జాలి నా జన్మలో ఎవరి మీదా రాలేదు, అయినా తాళం వేశాను. ఆమెను బతికించుకోవడం అంటే ఆమెకు నీళ్ళు ఇవ్వకపోవడమే, ఇంకో దారి లేదు. నాకు అక్క కావాలి.

అప్పటినుంచి చెట్లకు నీళ్ళు పోసేది నేనే. నేను దిగివచ్చేసరికి అక్క మెట్ల కింద కుర్చీలో కూర్చుని ఉండేది. "పోస్తివా?" అనేది. పోశానంటే "ఎంత పోస్తివి?" అనేది. చెప్తే, "ఇంకొంచెం పొయ్యి, దానికేమి రోగం" అనేది. మేము ఇద్దరం నీళ్ళ గురించి మాట్లాడుకునేది ఇక అంతే. సంచుల్లో చెట్లు మాత్రం తేరుకున్నాయి. ముదురాకుపచ్చగా, గుబురుగా, ఎంత నీళ్ళు పోసినా తాగుతూ పెరిగాయి. నాకు వాటిని చూస్తే ఒళ్ళు మండేది.

ఆకులు పసుపు తిరిగినాక అక్కను పట్టుకుని మిద్దె ఎక్కించాను. సంచి పక్కన చిన్న కంత కోయించి, కుడిచెయ్యి లోపలికి పెట్టింది. కాసేపు తడిమి బయటికి తీసేసింది. "ఈ సెయ్యికి తెలీదు" అంది. తువ్వాలులో ఉన్న ఎడమచేతిని చూసుకుంది. నేను వద్దన్నట్టు తల ఊపాను. "అయితే నువ్వు పెట్టు, నేను సెప్తా" అంది. నేను ఎడమచెయ్యి పెట్టాను. "ఏరును పట్టుకోవద్దు. దాని ఎంబడే పో. సల్లగా తగుల్తాది సూడు" అంటూ ఉంటే, తగిలింది. ఉసిరికాయంత గడ్డ, దాని పక్కన ఇంకొకటి. ఆమె బొటనవేలితో రుద్దింది. తోలు లేచిపోయింది. "పచ్చిగా ఉండాయి. ఇంకొన్నాళ్ళు నీళ్ళు పొయ్యి" అంది. ఆ చిన్న గడ్డలను చెంగున కట్టుకుంది. తినకూడదు కదా అంటే, "వాసన సూసుకుంటా" అంది.

ఆ సాయంత్రమే అడిగింది. "సేలో గూడా ఊరింటాది. ఒకసారి తీసకపో పాపా. ఊరికే కూసోని వస్తా." ఆదివారం మిషన్ లేదు. ఆదివారం పోదామని చెప్పాను. మా ఆయన ఆటోలో పరుపు వేసి తీసుకుపోదామన్నాడు. "పుంగనూరులో ఆగి కాఫీ తాగుదాం వదినా" అన్నాడు. "నా సీసాలో తగ్గించుకుంటారేమో" అని ఆమె నవ్వింది.

శనివారం మిషన్ మీదికి పోయేముందు ఒక్క గుక్క నీళ్ళు అడిగింది. ఆనాటి సీసా అప్పటికే అయిపోయింది. ఇంటికి పోయినాక ఇస్తానని, తడిగుడ్డతో పెదాలు తుడిచాను. సగం పూట గడిచేసరికి ఆమె గుండె ఆగింది. అందరూ పరిగెత్తుకొచ్చారు, చేయగలిగింది అంతా చేశారు. ఎవరి తప్పూ లేదు. గుండె అలిసిపోయిందమ్మా అన్నారు.

ఆదివారం చేనికి తీసుకుపోతానన్నాను. తీసుకుపోయాము. మా ఆయన ఆటోలోనే, పరుపు మీద పడుకోబెట్టి. మావాళ్ళలో కాల్చరు, పూడుస్తారు. చేను గట్టున, బావ పక్కన గుంత తీశారు. పుంగనూరులో ఆటో ఆపలేదు.

మూడోరోజు పాలు పోయడానికి పోయేటప్పుడు మిద్దె మీది సంచులన్నీ దింపించి ఆటోలో వేయించాను. ఆ మన్ను ఆ చేనుదే. దాన్ని తెచ్చి ఆమె మీద పోసి, సాలుకు మన్ను ఎగదోసినట్టు చేత్తోనే ఎగదోశాను. పాలు పోసే పెద్దవాళ్ళు పోశారు. ఆమె చెంగున ముడి విప్పి తీసిపెట్టుకున్న చిన్న గడ్డలు నా దగ్గరే ఉన్నాయి. గొంతుక్కూర్చుని, ఎడమచెయ్యి పక్కనుంచి మన్నులోకి దూర్చి, వాటిని లోపల పెట్టి, మళ్ళీ మన్ను కప్పి అరచేత్తో అదిమాను.

అప్పుడు బోరు దగ్గరికి పోయి బిందె నింపుకొచ్చాను. పోశాను. ఎర్రమన్ను పోసింది పోసినట్టే పీల్చేసింది. ఇంకో బిందె తెచ్చి పోశాను, అదీ ఇంకిపోయింది. చీర మోకాళ్ళదాకా తడిసి బురదైంది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోరుకు చేసే పెద్దాయన దగ్గరికొచ్చి మెల్లగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాలమ్మా" అన్నాడు. "ఉర్లగడ్డకు ఇన్ని నీళ్ళు పోస్తే కుళ్ళిపోతాది."

నాకూ తెలుసు. ఆమె పెంచిన పిల్లను నేను. బిందె మా ఆయన చేతికిచ్చి, ఇంకొకటి తెమ్మన్నాను.